మాట్లాడకూడని 80 నిమిషాలు

“క్లాసు చూడ్డానికి వెళ్తే సీటుకేమైనా కలిసొస్తుందా?” అమెరికాలో ఎంబీఏ చేద్దామనుకునే మన కుర్రకారుకి క్లాస్ విజిట్ సంగతి చెబితే మొదట వచ్చే ప్రశ్న ఇదే. కలిసిరాదు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఈ విషయం దాచుకోదు కూడా. వచ్చి చూసినవాళ్ల వైపు మొగ్గేదీ లేదు, రానివాళ్లకి నష్టమూ లేదు. ఆ మాట వినగానే చాలామంది ముఖాల్లో ఉత్సాహం దిగిపోతుంది. ర్యాంకుకి అక్కరకురాని పని చెయ్యమని మనకి ఎప్పుడు ఎవరు చెప్పారు గనక!

నన్నడిగితే వెళ్లాల్సింది సరిగ్గా అందుకే. ఎవరూ మార్కులు వెయ్యని చోట మనం ఎలా కూర్చుంటామో, దేనికి చిరాకుపడతామో, ఎవరి మాట విని లోపల్లోపల ఉడుక్కుంటామో తెలుసుకునే అవకాశం మాటిమాటికీ రాదు. ఇంటర్వ్యూలో మనల్ని మనం చూసుకోలేం, భయం అడ్డొస్తుంది. స్నేహితుల మధ్య చూసుకోలేం, చనువు అడ్డొస్తుంది. పరాయి క్లాసులో వెనక కుర్చీలో ఆ రెండూ ఉండవు.

హార్వర్డ్ విశ్వవిద్యాలయం చాలావరకూ కేంబ్రిడ్జిలో ఉన్నా బిజినెస్ స్కూల్ మాత్రం చార్లెస్ నదికి ఇవతల, బోస్టన్ వైపు ఉంటుంది. రెడ్ లైన్ రైలు దిగి వంతెన మీదుగా నడిస్తే పది పదిహేను నిమిషాల దారి. ఫస్టియర్ క్లాసులు జరిగేది ఆల్డ్రిచ్ హాల్లో. దరఖాస్తు చేసే ఆలోచన ఉన్నవాళ్లు ముందుగా పేరు నమోదు చేసుకుంటే ఒక క్లాసు మొదట్నుంచి చివరిదాకా కూర్చుని చూడొచ్చు. క్లాసు 80 నిమిషాలు. మధ్యలో లేచి వెళ్లడం మర్యాద కాదు, ఫోన్లు తియ్యడం అసలే కాదు. అన్నిటికంటే పెద్ద షరతు, నోరు విప్పకూడదు. చర్చ మీకు కొట్టినపిండి అయిన విషయం మీదకే రావచ్చు. పదేళ్లు చేసిన ఉద్యోగం గురించే ఎవరో పొరపాటుగా మాట్లాడుతుండొచ్చు. అయినా సరే, వచ్చినవాళ్లు ఊరికే వినాలి.

గది అర్ధచంద్రాకారంలో, మెట్లు మెట్లుగా ఉంటుంది. ఏటా చేరే తొమ్మిది వందల పైచిలుకు మందిని పది సెక్షన్లు చేస్తారు కాబట్టి ఒక్కో గదిలో 90 మంది దాకా తేలతారు. మొదటి ఏడాదంతా అదే సెక్షన్, అవే ముఖాలు. మారేది ప్రొఫెసర్లే. ఒక్కొక్కరి ముందూ దూరం నుంచి కూడా కనపడేంత అక్షరాలతో పేరు రాసిన అట్ట. అన్నిటికంటే పై వరసకి స్కైడెక్ అనీ, ప్రొఫెసర్ కాళ్ల దగ్గరుండే కింది వరసకి వర్మ్‌డెక్ అనీ విద్యార్థులే పేర్లు పెట్టుకున్నారు. పై వరసవాళ్లకి సెక్షన్ మొత్తాన్నీ ఆటపట్టించే హక్కుందని ఆనవాయితీ. క్లాసు మొదలవుతూనే ప్రొఫెసర్ ఎవరో ఒకరిని పేరుపెట్టి పిలిచి, ఆరోజు చదువుకు రమ్మన్న కేసులోని (ఒక కంపెనీకి ఎదురైన చిక్కు కథే కేసు) కంపెనీ పగ్గాలు మీ చేతిలో ఉంటే ఏం చేస్తారని అడుగుతారు. దీన్నే కోల్డ్ కాల్ అంటారు. ఆ పిలుపు ఎవరిమీద పడుతుందో తెలీదు కాబట్టి అందరూ చదువుకునే వస్తారు. చాలా కోర్సుల్లో సగం మార్కుల దాకా క్లాసులో మాట్లాడినదానికే.

మనవాళ్లకి ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇది అవధాన సభ. నడుమ ఒకరు, చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులకి బదులు 90 మంది. పావుగంట కిందట పై వరసలో ఎవరో అన్న మాటని ప్రొఫెసర్ గుర్తుపెట్టుకుని, సరిగ్గా అవసరమైన చోట బయటికి తీసి ఇంకొకరి ముందు పెడతారు. అవధాని చివర్లో పద్యం పూర్తిచేసి అప్పజెబుతాడు. ఇక్కడ ప్రొఫెసర్ చాలాసార్లు జవాబు చెప్పకుండానే వెళ్లిపోతారు. విజిటర్‌గా వెళ్లేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటే, ఈ సభలో అప్రస్తుత ప్రసంగి పాత్ర లేదు.

ఈ పద్ధతి ఆ స్కూలుతో పాటు పుట్టిందేమీ కాదు. స్కూలు మొదలైంది 1908లో. హార్వర్డ్ లా స్కూల్లో 1870ల నాటికే తీర్పులని ముందుపెట్టుకుని వాదించుకుంటూ నేర్చుకునే పద్ధతి వచ్చేసింది. ఆ లా స్కూల్లోనే చదివిన వాలెస్ డోన్హమ్ 1919లో బిజినెస్ స్కూల్‌కి డీన్ అయ్యాక దాన్ని ఇటు లాక్కొచ్చారు. 1921లో జనరల్ షూ కంపెనీ పేరుతో మొదటి కేసు రాశారు. మహా అయితే ఒక పేజీ ఉంటుంది. కార్మికులు వేళకి ముందే పని ఆపేస్తున్నారు, యాజమాన్యం ఏం చెయ్యాలి? అంతే. ఇప్పటికీ తిరిగి తిరిగి ఆ ప్రశ్నే. రెండేళ్లలో అక్కడి విద్యార్థి చదివే కేసులు 500 దాకా ఉంటాయి. 1961లో అహ్మదాబాద్‌లో ఐఐఎం పెట్టినప్పుడు హార్వర్డ్ చెయ్యి వేసింది కాబట్టి ఈ కేసు చదువు మనదేశానికీ వచ్చింది. క్లాస్ పార్టిసిపేషన్‌ని మన ఐఐఎంలలో సీపీ అంటారు. విషయం లేకపోయినా మార్కుల కోసం చెయ్యెత్తేవాడిది డెస్పరేట్ సీపీ. అలాంటివాడు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటాడు. అందరికీ తెలుసు, అతనికి తప్ప.

ఇప్పుడు ఈ గదిలోకి మనమ్మాయో అబ్బాయో వచ్చి కూర్చున్నారనుకోండి. వాళ్లు ఎక్కణ్నుంచి వచ్చారో కాస్త చూడాలి. ఇంటర్ రెండేళ్లూ కార్పొరేట్ కాలేజీలో పొద్దున్న స్టడీ అవర్, సాయంత్రం స్టడీ అవర్. మాట వినిపిస్తే ఇన్‌ఛార్జ్ వచ్చి నిలబెడతాడు. లెక్చరర్ “డౌట్సున్నాయా?” అని అడిగేది సమాధానం కోసం కాదు, పాఠం అయిపోయిందని చెప్పడానికి. ఎంసెట్‌లో నాలుగు ఆప్షన్లు, ఒకటే ఒప్పు. ఇంజనీరింగ్‌లో వైవా అంటే భయం. ఆ తర్వాత ఐటీ ఉద్యోగం, అందులో రోజూ పొద్దున్నే టీమ్ కాల్, ఆ కాల్‌లో మ్యూట్. తన వంతు వచ్చినప్పుడు మ్యూట్ తీసి రెండు ముక్కలు చెప్పి మళ్లీ మ్యూట్. మన పిల్లలకి తెలివి తక్కువై కాదు, మాట్లాడినందుకు ఎప్పుడూ ఏమీ దక్కకపోగా మాట్లాడనందుకు ఎప్పుడూ ఏమీ పోలేదు. అలాంటివాళ్లు సగం మార్కులు మాటకే ఇచ్చే గదిలో కూర్చుంటే రెండు రకాలుగా చూస్తారు.

కొందరు బిత్తరపోతారు. ఆ ఇంగ్లీషు వేగం, ఆ తడుముకోకపోవడం, మన ఊళ్లో బ్యాంకు మేనేజరు కూడా అనడానికి సంకోచించే అంకెలని 26 ఏళ్ల పిల్ల అలవోకగా అనేయడం. ఇది మనవల్ల కాదనుకుని బయటికొస్తారు. ఇంకొందరు పెదవి విరుస్తారు. ఇందులో ఏముంది, ఇంగితజ్ఞానమే కదా, దీనికి ఏడాదికి 75 వేల డాలర్లకి పైగా ట్యూషన్ ఫీజా అంటారు. పైకి రెండూ వేరుగా కనిపిస్తాయి గానీ జబ్బు ఒకటే. ఇద్దరూ మాట్లాడేవాళ్లనే చూశారు. మాట్లాడుతున్నవాళ్ల మీద కళ్లు పెడితే మనం చేసేది పోల్చుకోవడమే. నాకంటే గొప్పా, నాకంటే తక్కువా? స్టడీ అవర్‌లో అబ్బిన అలవాటు అది, బోస్టన్ దాకా వెంట వస్తుంది.

చూడాల్సింది వినేవాళ్లని.

మచ్చుకి ఒక కేసు అనుకుందాం. ఒక చిన్న ఫ్యాక్టరీ తన సరుకులో సగానికి పైగా ఒకే పెద్ద దుకాణాల సంస్థకి అమ్ముతుంది. ఆ సంస్థ ధర 10 శాతం తగ్గించమంటోంది. ఏం చెయ్యాలి? మొదట బ్యాంకు ఉద్యోగం చేసి వచ్చిన కుర్రాడు లెక్కలు విప్పుతాడు. ఆ ధరకి అమ్మితే మిగిలేది ఏమీ లేదు, తగ్గేది లేదని చెప్పేయాలి అంటాడు. ప్రొఫెసర్ బోర్డు మీద ఎడమ పక్క రెండు అంకెలు వేస్తారు. చేతులు లేస్తాయి. ఇంకొకామె తన ప్రతిపాదన చెబుతుంది, వేరే కొనుగోలుదార్లని వెతకాలట. అదీ బోర్డెక్కుతుంది. మూడో మనిషి ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చినవాడు. “సరే, వద్దన్నాం. సోమవారం రాత్రి షిఫ్టువాళ్లకి ఏం చెప్తాం?” అంటాడు. ఇంకేమీ అనడు. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడరు. అప్పుడు చూడాల్సింది ఆ మూడోవాణ్ని కాదు, మొదటి కుర్రాణ్ని. కాగితం మీద ఏదో కొట్టేస్తున్నాడా? తల అడ్డంగా ఊపుతున్నాడా? కాసేపాగి మళ్లీ చెయ్యెత్తి, నేను ఇందాక అన్నది మార్చుకుంటున్నాను, కానీ పూర్తిగా కాదు అని మొదలుపెట్టాడా? 90 మంది ముందు ఆ మాట అనగలిగినవాడికి ఆ క్లాసులో ఎంత మర్యాద దక్కిందో చూడండి. అది ఆ స్కూలు గురించి బ్రోషరు చెప్పేదానికంటే ఎక్కువ చెబుతుంది.

చేతుల్ని చూడండి. ఒకరు మాట్లాడుతుండగా చెయ్యి దించకుండా అలాగే పట్టుకున్నవాళ్లు ఒకరిద్దరు కనిపిస్తారు. వాళ్ల బుర్రలో తిరుగుతున్నది సొంత వాక్యమే, అవతలివాళ్లది చెవికెక్కడం లేదు. పది నిమిషాల తర్వాత అవకాశం వస్తే, చర్చ ఎప్పుడో దాటిపోయిన విషయాన్ని పట్టుకొచ్చి అప్పజెబుతారు. ప్రొఫెసర్ తలూపుతారు, థ్యాంక్యూ అంటారు, చాక్‌పీసు మాత్రం కదలదు. ఆ కదలని చాక్‌పీసు కంటే పెద్ద తీర్పు ఆ గదిలో ఉండదు. దానికి విరుగుడు కూడా అక్కడే కనిపిస్తుంది. బాగా మాట్లాడేవాళ్లు చాలావరకూ ముందు మాట్లాడినవాళ్ల పేరుతో మొదలుపెడతారు. ఫలానా ఆవిడ చెప్పినదానికి ఇది కలుపుతున్నాను, లేదా ఫలానాయన లెక్క ఒప్పే గానీ ఊహ తప్పు. పేరు అట్టలు అంత పెద్దవి ఎందుకో అప్పుడు అర్థమవుతుంది.

“నేను ఇంట్రోవర్ట్‌ని” అని ముందే చేతులెత్తేసేవాళ్లకి ఇక్కడ ఒక కథ చెప్పాలి. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ రెండేళ్ల ఎంబీఏలోకి మొదటి ఏడాది నుంచే ఆడవాళ్లని తీసుకోవడం మొదలుపెట్టింది 1963లో, ఎనిమిది మందిని. అరవైల నాటి ముచ్చట అలా ఉంచండి. 2010 తర్వాత కూడా, మగవాళ్లతో సమానమైన మార్కులతో చేరిన అమ్మాయిలు క్లాసులో పడేసరికి వెనకబడుతున్నారని స్కూలు గమనించింది. అప్పుడు డీన్ మనదేశం నుంచి వెళ్లిన నితిన్ నోహ్రియా. లోపం అమ్మాయిల్లో ఉందని సరిపెట్టుకోలేదు. ఎవరు ఏమన్నారో రాసుకోవడానికి క్లాసుల్లో స్టెనోగ్రాఫర్లని కూర్చోబెట్టారు, ప్రొఫెసర్లు జ్ఞాపకాన్ని నమ్ముకుని మార్కులు వెయ్యకుండా. అమ్మాయిలకి క్లాసులో చెయ్యి ఎలా ఎత్తాలో శిక్షణ ఇచ్చారు. చదివింది నిజమే, చెయ్యి ఎత్తడానికి శిక్షణ! సగం చెయ్యి, భుజం దాటని చెయ్యి, క్షమించమన్నట్టు ఊగే చెయ్యి కాకుండా నిటారుగా ఎత్తడం. 2013లో న్యూయార్క్ టైమ్స్ దీనిమీద పెద్ద కథనం వేసింది. అప్పటికి మార్కుల్లో తేడా దాదాపు మాసిపోయింది.

ఈ ప్రయోగం మీద అక్కడే విమర్శలూ వచ్చాయి, చెయ్యి ఎత్తడం కూడా నేర్పాలా అని విసుక్కున్నవాళ్లూ ఉన్నారు. నాకు మాత్రం ఇది చాలా ధైర్యమిచ్చే సంగతి. ప్రపంచంలో అంత గట్టి వడపోత దాటి వచ్చినవాళ్లకి కూడా చెయ్యి ఎత్తడం అభ్యాసంతోనే వచ్చిందంటే, టీమ్ కాల్‌లో మ్యూట్ తియ్యడానికి తటపటాయించే నెల్లూరు కుర్రాడు తన పుట్టుకనో పెంపకాన్నో తిట్టుకోవాల్సిన పని లేదు. వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు ఆత్మవిశ్వాసం ముందు రావాలి, తర్వాత మాట వస్తుందంటాయి. నేను చూసినంతవరకూ వరస తిరగబడి ఉంటుంది. ముందు నలుగురిలో ఒక చిన్న మాట పడుతుంది, ఆకాశం విరిగిపడదు, రెండో మాట దాని వెనక వస్తుంది.

విజిటర్‌కి ఆ మొదటి మాట కూడా అనే వీలు లేదు కదా, మరి అభ్యాసం ఎలా? చిన్న నోటుపుస్తకం చాలు. ఎడమ పేజీలో క్లాసులో ఎవరో అన్న మాట, కుడి పేజీలో మీకు అవకాశం వస్తే అనేది. పూర్తి వాక్యంగా రాయాలి, “నాకూ ఒక పాయింటుంది” అని గుర్తులు పెట్టుకుంటే లాభం లేదు. ఐదు నిమిషాలు పోయాక కుడి పేజీ చూసుకోండి. మీరు అందామనుకున్నది ఈలోపు ఇంకొకరు మీకంటే బాగా అనేసి ఉండొచ్చు, లేదా చర్చ సాగినకొద్దీ మీ మాటే తప్పని తేలి ఉండొచ్చు. అనకపోవడమే మంచిదయిందనిపించినవాటి పక్కన ఒక గీత పెట్టండి. కొన్ని మాత్రం గంట గడిచినా నిలబడి ఉంటాయి, ఎవరూ అనరు, మీ అనుభవంలోంచే రాగలవు. వ్యవసాయ కుటుంబంలో పెరిగినవాడికి కౌలు గురించి, కిరాణా కొట్టు నడిపిన ఇంట్లో పుట్టినదానికి అరువు ఖాతాల గురించి తెలిసినది ఆ గదిలో బ్యాంకర్‌కి తెలీదు. దరఖాస్తు వ్యాసంలో మీ గురించి ఏం రాయాలో వెతుక్కుంటున్నారే, అది ఆ కుడి పేజీలో దొరుకుతుంది. మీ క్లాసు చూసి పులకించిపోయాను అని మాత్రం రాయకండి. అక్కడ దరఖాస్తులు చదివేవాళ్లు ఆ వాక్యాన్ని ఒక్క సీజన్లోనే ఎన్నిసార్లు చదివుంటారో!

క్లాసయ్యాక విద్యార్థులతో నాలుగు మాటలు కలిపే వీలు చిక్కుతుంది. అప్పుడు మనవాళ్లు ప్యాకేజీ ఎంత, వీసా స్పాన్సర్ చేసే కంపెనీలెన్ని అని అడిగేస్తారు. ఆ అంకెలు స్కూలు వెబ్‌సైట్‌లో ఉంటాయి. వాళ్ల దగ్గర మాత్రమే దొరికేది అడగండి. ఈ నెలలో మీరు ఏ విషయంలో అభిప్రాయం మార్చుకున్నారు? కోల్డ్ కాల్‌లో నోరు పెగలకపోతే తర్వాత ఎవరైనా వచ్చి పలకరించారా? ఈ రెండో ప్రశ్నకి తడుముకోకుండా జవాబు వస్తే ఆ సెక్షన్ మంచిది.

అంత ఖర్చుపెట్టి బోస్టన్ వెళ్లలేనివాళ్ల సంగతేమిటని అడగొచ్చు, న్యాయమే. కేసు క్లాసు లోపల ఎలా ఉంటుందో చూపే వీడియో ఆ స్కూలే పెట్టింది, ఉచితం. గచ్చిబౌలిలో 2001 నుంచి ఐఎస్‌బీ ఉంది, 2015 నుంచి విశాఖలో ఐఐఎం ఉంది. అక్కడ చదువుతున్న తెలిసినవాళ్లుంటే, ఒక క్లాసులో వెనక కూర్చోవడానికి ప్రొఫెసర్‌ని అడిగిపెట్టమనండి. కాదంటే పోయేదేమీ లేదు. అదీ కుదరకపోతే వచ్చేవారం మీ ఆఫీసులో మీకు సంబంధం లేని టీమ్ మీటింగుకి అనుమతి తీసుకుని వెళ్లండి. అదే నోటుపుస్తకం, అవే రెండు పేజీలు.

క్లాసు చూసొచ్చాక ఇది నాకు సరిపడదని తేలడం కూడా పనికొచ్చే ఫలితమే. కేసుల మీద అంతగా ఆధారపడని మంచి స్కూళ్లు చాలా ఉన్నాయి. షికాగోలోని బూత్ స్కూల్లో లెక్చర్లకి, లెక్కలకి పెద్ద పీట, కోర్సులు ఎంచుకునే స్వేచ్ఛ చాలా ఎక్కువ. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల ఎంబీఏ చేసింది అక్కడే. మైక్రోసాఫ్ట్‌లో ఉద్యోగం చేస్తూ, వారాంతాల్లో షికాగోకి విమానంలో వెళ్లొస్తూ 1997లో పూర్తిచేశారు. ర్యాంకుల పట్టికలో ఈ స్కూళ్లు పక్కపక్కనే కనిపిస్తాయి. క్లాసులో కూర్చుంటే ఒక స్కూలుకీ ఇంకో స్కూలుకీ పోలికే ఉండదు.

వెళ్దామనుకునేవాళ్లకి తేదీల గురించి ఒక మాట. హార్వర్డ్ మొదటి రౌండు గడువు సెప్టెంబరు మొదట్లోనే వస్తుంది. అప్పటికి కొత్త బ్యాచ్ క్లాసులు అప్పుడప్పుడే మొదలై ఉంటాయి. కాబట్టి మొదటి రౌండులో పెట్టేవాళ్లు అంతకుముందు ఏప్రిల్‌లోపే చూసి రావడం మేలు. రెండో రౌండు జనవరి మొదట్లో. అక్టోబరు, నవంబరుల్లో ఒకసారి వెళ్లొస్తే, వ్యాసాలు తిరగరాసుకోవడానికి డిసెంబరంతా చేతిలో ఉంటుంది.